కాల్ పోతోంది, బొమ్మ రావడం లేదు

మా వ్యాను అసలు దుకాణం కోసం కొన్నది. వరంగల్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. ఒకప్పుడు మా ఆయనే హైదరాబాద్ పోయి సరుకు తెచ్చుకునేవాడు. ఇప్పుడు ట్రాన్స్‌పోర్టు వాళ్లే దుకాణం ముందుకు తెచ్చి దించిపోతున్నారు. పని లేని వ్యానును అమ్మేస్తాడేమో అనుకున్నాను. ఆయన వెనక సీట్లు పీకించి, చెక్క మంచం బిగించి, దాని కింద గ్యాసు పొయ్యికీ నీళ్ల క్యానుకూ చోటు చేయించాడు. దుకాణం బంద్ ఉన్న రోజుల్లో ఏదో ఒక చెరువు గట్టు దగ్గరో తోటలోనో ఆపుకుని, వండుకు తిని, అందులోనే పడుకుని వచ్చేవాళ్లం.

ఆయనకు అది విశ్రాంతి. నాకు మాత్రం ఊరు దాటిన దగ్గర్నుంచీ గుండెల్లో దడే. కారణం నా పని.

మా తమ్ముడికి పుట్టుకతోనే వినబడదు. వాడితో మాట్లాడటానికి ఇంట్లో మొదలైన సైగలు తర్వాత శిక్షణ తీసుకున్నాక నాకు ఉద్యోగమయ్యాయి. వినబడనివాళ్లు ఆసుపత్రికో బ్యాంకుకో పోలీసు స్టేషన్‌కో పోయినప్పుడు నాకు వీడియో కాల్ చేస్తారు. వాళ్ల సైగలను అక్కడున్నవాళ్లకు మాటల్లో చెప్తాను. అక్కడివాళ్ల మాటలను వీళ్లకు చేతులతో చూపిస్తాను. అందుకే మామూలు నెట్ నాకు చాలదు. అవతలి మనిషి వేళ్లు విడివిడిగా కనబడాలి, కనుబొమలు కనబడాలి. కనుబొమలు పైకి లేస్తే అది ప్రశ్న, లేవకపోతే అదే సైగ జవాబు. బొమ్మ కాస్త మసకబారినా అర్థం తలకిందులవుతుంది.

మా గల్లీ చివర టైలర్ల జంట ఉంటుంది. భార్యాభర్తలిద్దరికీ వినబడదు. ఆయన ప్యాంట్లు, చొక్కాలు కుడతాడు, ఆమె జాకెట్లు కుడుతుంది. మా వ్యానుకు కర్టెన్లు కుట్టింది ఆమే. ఎర్రపూల గుడ్డ కూడా తనే ఎంచింది. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమెకు నెల తప్పింది. మొదటి పరీక్ష నుంచి ప్రతిసారీ నేను పక్కన నిలబడో, ఫోన్‌లో కనబడో డాక్టరమ్మ మాటలు చెప్తూ వచ్చాను. ఆమె చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. పేర్లు, అంకెలు చదువుతుంది గానీ కాగితం మీద వాక్యం రాసి చూపిస్తే పట్టుబడదు.

ఆ ఎండాకాలం, కాన్పుకు ఇంకా నెల ఉందనగా, మా ఆయన గూడూరు అవతల అడవి అంచున ఒక మామిడి తోట గురించి చెప్పాడు. తోట రైతు మా దుకాణానికి పాత గిరాకీ. రెండు రోజులుండి వద్దామన్నాడు. నాకు కాలు కదలలేదు. వెళ్లి టైలరమ్మను అడిగాను. ఆమె నవ్వి, పొట్ట మీద చేయి పెట్టుకుని, ఇంకా చాలా టైముంది, నువ్వు వెళ్లు, నాకు కాయలు తీసుకురా అని సైగ చేసింది.

తోటకు చేరగానే నేను చేసిన మొదటి పని ఫోన్ పట్టుకుని చెట్ల మధ్య తిరగడం. బావి దగ్గర మోటారు గది పక్కన మాత్రం సిగ్నల్ రెండు గీతలు నిలబడ్డాయి. వ్యానును అక్కడికే తెమ్మన్నాను.

మా ఆయన విసుక్కున్నాడు. "ఇంత మంచి తోటల మోటరు కాడ పండాల్నా? నువ్వు చెట్లు సూస్తలేవు, ఫోన్ల గీతలే సూస్తానవ్."

"మీకేం, మీరు కాల్ మాట్లాడుకుంటరు. నాకు బొమ్మ కనబడాలె గద."

మధ్యాహ్నం టైలరమ్మకు వీడియో చేసి చూశాను. బాగానే కలిసింది. ఆమె పొయ్యి మీది పప్పు గిన్నె చూపించి, వేడికి ముఖం తుడుచుకుని, వాళ్లాయన ఉప్పు ఎక్కువేశాడని ఫిర్యాదు చేసింది. నా మనసు కుదుటపడింది.

సాయంత్రం గాలిదుమారం లేచింది. ముందు ఎర్రటి దుమ్ము, వెంటనే వాన. మామిడికాయలు వ్యాను కప్పు మీద దబదబా రాలాయి. అద్దాలు మూసుకుని లోపల కూర్చున్నాం. వాన తగ్గాక ఫోన్ చూస్తే రెండు గీతలూ పోయాయి. మోటారు గదిలో కరెంటు కూడా లేదు.

"టవర్ కు కరెంట్ లేనట్టుంది. పొద్దుగాలకు వస్తది, ఫికర్ చేయకు," అన్నాడాయన.

తెల్లవారినా రాలేదు. బావి చుట్టూ తిరిగాను, గట్టెక్కాను, రాలిన కొమ్మలు దాటుకుంటూ తోట చివరిదాకా పోయాను. ఏమీ లేదు. చివరికి వ్యాను పైకి ఎక్కుతానన్నాను. ఆయన వద్దనలేదు. మోకాళ్ల కింద చేతులు పెట్టి ఎక్కించాడు. కప్పు మీద నిలబడి ఫోన్ పైకెత్తాను. కొంతసేపటికి చేతిలో గుర్రుమని కదిలింది. ఆగకుండా కదిలింది.

అన్నీ టైలరమ్మ ఫోన్ నుంచే. వీడియో కాల్, వీడియో కాల్, వీడియో కాల్. అన్నీ నేను ఎత్తనివి. వాటి కింద ఆమె పంపిన చిన్న వీడియో ఒకటి. నొక్కితే గుండ్రంగా తిరుగుతోంది తప్ప తెరుచుకోవడం లేదు. పైన కనబడే మసక బొమ్మలో తెల్లటి గోడ, సెలైన్ స్టాండు, ఆమె ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు మచ్చ. ఆమె నాకేదో చెప్పింది. అది నా అరచేతిలోనే ఉంది. నాకు కనబడటం లేదు.

"దిగు," అన్నాడు మా ఆయన నా ముఖం చూసి. "పోదాం పా."

పొయ్యి, చాప, గిన్నెలు అట్లాగే లోపల పడేశాం. నర్సంపేట వైపు పోతే సిగ్నల్ వస్తుందని అటే తిప్పాడు. కొంచెం దూరం పోగానే ఒక గీత వచ్చింది. వీడియో కలవలేదు. ఏం చేయాలో తోచక టైలర్ ఫోన్‌కు మామూలు కాల్ కొట్టాను. వినబడని మనిషికి మామూలు కాల్ చేయడమేమిటని ఇప్పుడు అనిపిస్తుంది. పక్కనున్న ఎవరైనా ఎత్తుతారన్న ఆశ.

ఎత్తారు. కానీ ఎత్తింది అతనే. అతని ఊపిరి నా చెవిలో వినబడుతోంది. నేను కనబడతానని ఫోన్‌ను ముఖం ముందు పట్టుకుని చూస్తున్నట్టున్నాడు. వెనక ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరివో పరుగులు. ఒక ఆడమనిషి గొంతు గట్టిగా అంటోంది, "వీళ్లకు చెప్పెటోళ్లు ఎవ్వల్లేరా? సంతకం పెట్టంటే మొకం తిప్పుకుంటాంది!"

"సిస్టర్! సిస్టర్, ఫోన్ తీస్కోండి!" అని అరిచాను. నా అరుపు అతని చేతిలోనే మోగింది. అతనికి తెలియదు. మళ్లీ అరిచాను. గొంతు పగిలేలా అరిచాను. కాల్ తెగిపోయింది.

మా ఆయన గేరు మార్చాడు.

అడవి మొదలైన చోట రోడ్డుకు అడ్డంగా పెద్ద చెట్టు పడి ఉంది. దాని వెనక ఇంకొకటి. నలుగురైదుగురు గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతున్నారు. బైకులు మాత్రం పక్కనుంచి తోసుకుపోతున్నారు.

"ఎంతసేపు పడ్తదన్నా?" మా ఆయన అడిగాడు.

"జేసీబీ రావాలె. పొద్దెక్కుతది," అన్నాడు ఒకతను గొడ్డలి దించి. నా చేతిలో ఫోన్ చూసి, "ఇక్కడ కాల్ పోతాంది గద మేడం, మాట్లాడుండ్రి," అన్నాడు.

"కాల్ పోతాంది. బొమ్మ వస్తలేదు," అన్నాను. అతనికి అది ఏమాత్రం ముఖ్యం కాని విషయంలా తోచి ఉంటుంది. అవతల మనిషికి వినబడదని చెప్పేంత ఓపిక నాకు లేదు.

వ్యానును వెనక్కి తిప్పి, గూడూరు మీదుగా కేసముద్రం పోదామన్నాడు మా ఆయన. అక్కడ ధాన్యం మార్కెట్ దగ్గర అడ్తి దుకాణం నడిపే ఒక సేటు ఆయనకు తెలుసు. రైతుల ధాన్యం అమ్మిపెట్టే ఆ దుకాణంలో కేబుల్ నెట్ ఉంటుందని, ఇన్వర్టర్ కూడా ఉంటుందని ఆయన లెక్క. దారి పొడుగునా నేను ఫోన్ నుంచి కళ్లు ఎత్తలేదు. ఒక ఊరు వస్తే గీత వస్తుంది, ఊరు దాటితే పోతుంది. ఆమె పంపిన వీడియో కొంచెం దిగి ఆగింది. ముఖం తిప్పుకుంటోందన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఆమె ఊరికే ముఖం తిప్పుకునే మనిషి కాదు. వినబడనివాళ్లు ముఖం తిప్పుకున్నారంటే తలుపు మూసుకున్నట్టే. ఇక మీరేం చెప్పినా చూడను అని. ఏం చూసి అంత భయపడింది?

"జర నీళ్లు తాగు," అన్నాడాయన.

"మీరు పోనియ్యుండ్రి."

కేసముద్రంలో మార్కెట్ యార్డు నిండా తడిసిన మక్కజొన్నలు. రైతులు, హమాలీలు తాటిపత్రి పట్టాలు లాగి కుప్పలు ఎండకు విప్పుతున్నారు, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. అడ్తి సేటు గల్లా దగ్గర నిలబడే ఫోన్‌లో ఎవరితోనో వాన నష్టం గురించి మాట్లాడుతున్నాడు. మా ఆయనను చూసి ఫోన్ పెట్టేశాడు.

"ఏందన్నా, గిట్ల వచ్చినవ్? చెల్లె గట్లున్నదేంది?"

మా ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. సేటు ఇంకేమీ అడగలేదు. "ముందుగాల నెట్ కలుపుకో చెల్లె," అని నా ఫోన్ తీసుకుని పాస్‌వర్డ్ తనే కొట్టాడు. నెట్ వచ్చింది. దాని డబ్బా దుకాణం వెనక గదిలో ఉంది. ఆ గది బస్తాలతో నిండి చీకటిగా ఉంది. అక్కడ కూర్చుంటే నా చేతులు ఆమెకు కనబడవు. ముందుకొస్తే యార్డు గోలలో డాక్టరమ్మ మాట నాకు వినబడదు.

"వ్యాన్ ఎనక్కు తెస్త," అన్నాడు మా ఆయన. దుకాణం వెనక కిటికీకి ఆనించి వ్యాను ఆపాడు. లోపల కూర్చుంటే నెట్ అందింది. అద్దాలు ఎత్తితే గోల తగ్గింది. పక్క అద్దంలోంచి వెలుతురు నేరుగా నా మీద పడింది. వెనక కర్టెన్ మీది ఎర్రపూల మీద చేతులు కదిపితే కళ్లు చెదురుతాయని, ఆయన లుంగీ ఒకటి దాని మీద కప్పాను. నీలం రంగుది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియో నొక్కాను.

కలిసింది.

ముందు టైలర్ ముఖం కనబడింది. అతను ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఉన్నాడు కాబట్టి, సైగ చేయడానికి ఒక్క చేయే మిగిలింది. ఆ చేతితో ఏదేదో చెప్తున్నాడు, తొందరలో రాసిన అక్షరాల్లా సైగలన్నీ కలిసిపోతున్నాయి. ఆమెను చూపించు అన్నాను. ఫోన్ తిప్పాడు. ఆమె మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. అతను భుజం తట్టాడు. నన్ను చూసింది. లేవబోయింది. ఎడమ చేతికి సెలైన్ ఉంది, కుడిచేయి మాత్రం పైకొచ్చింది.

ఆమె సైగలను మాటల్లో పెడితే ఇట్లా ఉంటాయి. ఆమె చేతులకున్న యాసను కాగితం మీద పెట్టడం నాకు రాదు.

బిడ్డ చనిపోయింది. వీళ్లు నాకు చెప్పడం లేదు. పొట్ట కోస్తామని చేత్తో గీసి చూపించారు, కోసి తీసి పారేస్తారు. నేను సంతకం పెట్టను.

 ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదు, నేను చూశాను అంది. నర్సు పొట్ట మీద మిషన్ పెట్టి అటూ ఇటూ జరిపింది. ముఖం మారింది. బయటికి ఉరికింది. డాక్టరమ్మ వచ్చి ఏదో అడిగితే నర్సు తల అడ్డంగా ఊపింది. లేదు అని. బిడ్డ లేదు అని.

"డాక్టరమ్మ ఉన్నరా అక్కడ? నేను ఈమె తరఫున మాట్లాడేదాన్ని," అన్నాను గట్టిగా.

ఫోన్ ఇంకొకరి చేతిలోకి మారింది. డాక్టరమ్మ. "అమ్మా, మీకోసమే చూస్తున్నం. నెల ముందే నొప్పులొచ్చినయ్. టైం లేదు. బేబీ హార్ట్‌బీట్ పడిపోతాంది, మళ్లా లేస్తాంది. ఇంక ఆగొద్దు, ఆపరేషన్ చెయ్యాలె. ఈమె పెన్ను ముట్టుకుంటలేదు."

"బేబీ బతికే ఉన్నదా మేడం?"

"ఉన్నది! ఎవరన్నరు లేదని?"

"నర్సమ్మ తల ఊపిందట."

డాక్టరమ్మ పక్కకు చూసింది. నర్సు గొంతు వినబడింది. "పొద్దున ఏమన్న తిన్నదా అని మీరడిగిండ్రు గద మేడం. తినలేదు అని ఊపిన."

ఫోన్ ఆమె వైపు తిప్పమని, ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. బిడ్డ బతికే ఉంది. గుండె కొట్టుకుంటోంది, కానీ అలసిపోతోంది. అంతలో ఆమె ముఖం తెర మీద బిగుసుకుపోయింది. కుడిచేయి గాలిలో సగంలో ఆగింది. బొమ్మ నిలిచిపోయింది. నా మాట ఎంతవరకు చేరిందో తెలియదు. బిడ్డ అన్న సైగ దగ్గరే తెగిందా, బతికి ఉంది అన్నదాకా పోయిందా?

"నెట్ పోయింది!" అని అరిచాను. బయట మా ఆయన దుకాణంలోకి పరిగెత్తాడు. సేటు గల్లా దగ్గరున్నవాళ్లందరినీ ఫోన్లలో నెట్ ఆపమంటున్న కేక వినబడింది. నేను చేతులు కిందికి దించలేదు. కదిలిన వెంటనే ఆమెకు అదే కనబడాలని, బతికి ఉంది అన్న సైగనే పట్టుకుని కూర్చున్నాను. భుజాలు లాగుతున్నా దించలేదు.

బొమ్మ కదిలింది. ఆమె నా చేతులనే చూస్తోంది. కనుబొమలు పైకి లేచాయి. నిజమా?

నిజం అన్నాను. కోసి తీసేది చంపడానికి కాదు, కాపాడటానికి. నేను మెత్తగా చెప్పడం లేదు, డాక్టరమ్మ మాట మాటగా చెప్తున్నాను.

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. తర్వాత వరసగా అడిగింది. నాకు తెలివి ఉంటుందా? ఉంటుంది, నడుము కింద మాత్రమే మొద్దుబారుతుంది. మా ఆయన లోపలికి వస్తాడా? రానివ్వరు. నువ్వు? ఫోన్ కూడా లోపలికి పోదు. లోపల అందరూ ముఖాలు కప్పుకుంటారు కదా, నాకేం అర్థమవుతుంది? బిడ్డ బయటికి వచ్చిందని నాకెట్లా తెలుస్తుంది?

డాక్టరమ్మను అడిగాను. బిడ్డను ఆమె కళ్ల ముందుకు తెచ్చి చూపిస్తామంది. నేను ఆమెకు చెప్పేలోపే ఆమె ఇంకో సంగతి అడిగింది. అది నాకు తట్టనే లేదు. వాళ్ల అక్క ఆపరేషన్‌లో రెండు చేతులూ పట్టీలతో కట్టారట. నా చేతులు కూడా కడతారా?

"కదలకుండా కడ్తమమ్మా, అందరికీ అంతే," అంది డాక్టరమ్మ.

"మేడం, ఆమెకు చేతులే నోరు. రెండూ కడితే నొప్పి ఉన్నా చెప్పలేదు, ఊపిరాడకున్నా చెప్పలేదు. ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి."

డాక్టరమ్మ పక్కనున్న నర్సుతో ఏదో మాట్లాడింది. 

"కుడిచేయి కట్టం," అంది. "సిస్టర్ ఒకామె పక్కనే పట్టుకుని కూసుంటది. నొప్పైతే గట్టిగ పిసకమనుండ్రి."

చెప్పాను. ఆమె పెన్ను అడిగింది. సంతకం పెట్టడం నాకు కనబడలేదు, మంచం పక్క రేకు మాత్రమే కనబడింది. ట్రాలీ కదిలేటప్పుడు ఒక్కసారి నా వైపు చూసి, పోయొస్తా అని చేయి ఊపింది. కాల్ ఆగిపోయింది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేకపోవడమే నాకు అన్నిటికన్నా కష్టమయింది. సేటు ఇంట్లోంచి ఆయన భార్య చాయ్ పంపింది. చల్లారిపోయింది. అప్పుడు తోట దగ్గర దిగని వీడియో మొత్తం దిగింది. తెరవాలా వద్దా అని చాలాసేపు చూసి తెరిచాను. ఆమె ఒక్కటే మాట మళ్లీ మళ్లీ చెప్తోంది. ఎక్కడున్నావ్, ఎక్కడున్నావ్. ఫోన్ తిరగేసి మంచం మీద పెట్టాను.

"తప్పు నీది కాదు, నాదీ కాదు. వానొచ్చింది," అన్నాడు మా ఆయన. తలుపు దగ్గర నిలబడి, యార్డు వైపే చూస్తూ అన్నాడు. ఆయన చేతిలోని చాయ్ కూడా అట్లాగే ఉంది.

ఫోన్ మోగింది. టైలర్. తెర మీద ముందు పైకప్పు, ఫ్యాను కనబడ్డాయి. రెండు చేతులతో మాట్లాడటానికి ఫోన్‌ను నేల మీద ఎక్కడో ఆనించినట్టున్నాడు. మనిషి కనబడడు, ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.  తర్వాత అతను ఫోన్ ముందుకు వంగాడు. ముఖమంతా తడి. ఆడపిల్ల అన్నాడు. చిన్నగా ఉంది, అరచేతులతో కొలత చూపించాడు. వెచ్చటి పెట్టెలో పెట్టారు. నోరు ఇంత తెరిచి ఏడుస్తోంది. తల్లి బాగుంది.

నేను మా ఆయనకు మాటల్లో చెప్పబోయాను. చేతులే ముందు లేచాయి. వాటితోనే చెప్పాను. ఇన్నేళ్లలో ఆయన నేర్చుకున్నది నాలుగు సైగలే, కానీ అర్థమయింది.

సాయంత్రానికి హన్మకొండ ఆసుపత్రికి చేరాం. ఆమె వాలుగా పడుకుని ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నన్ను చూసి, లోపల జరిగింది చెప్పింది. చేయి విడిచిపెట్టారు. నర్సు పట్టుకుంటే విడిపించుకుని, మొత్తంసేపు ఆ చేత్తో మాట్లాడుతూనే ఉందట. ఎవరికీ ఏమీ అర్థం కాలేదట. పాపను తెచ్చి ముఖం దగ్గర పెట్టినప్పుడు బుగ్గ మీద వేలితో తట్టి పలకరించిందట.

అంతలో పిల్లల వార్డు నర్సు ఒకామె వచ్చి నన్ను పక్కకు పిలిచింది. "తల్లిదండ్రులిద్దరికీ వినబడదు గద, పాపకు చెవుల టెస్టు చేపిస్తరా అని అడుగుండ్రి."

ఆ ప్రశ్న ఎట్లా అడగాలా అని కాసేపు తడబడ్డాను. ఉన్నదున్నట్టే అడిగాను. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. అతను భుజాలెగరేశాడు. ఆమె నా వైపు తిరిగింది.

చేయించమను, తొందరేం లేదు అంది. ముందు పాలు తాగనీ. పాపను ఇక్కడికెప్పుడు తెస్తారో అది అడుగు.

అడిగాను.